బుల్లెట్ అనుకున్న మా తాతయ్య బండి అసలు కథ

మీరు అడిగింది ఇదీ: తాతగారి ఇంటి వెనక కొట్టంలో తుప్పు పట్టిన మోటారు సైకిలు బయటపడింది, ఇంట్లో అందరూ బుల్లెట్ అంటున్నారు, కాగితాల్లేవు. ఏ బండో, ఏ ఏడాదిదో ఎలా కనుక్కోవాలి, ముందు శుభ్రం చేయించి రంగు వేయించమంటారా అని.

రంగు సంగతి ముందు చెప్తాను. వేయించకండి. గీకించకండి, సాండ్ బ్లాస్టింగ్‌కి (ఇసక కొట్టి రంగు లేపేయడానికి) అసలే ఇవ్వకండి. నేను ఆ తప్పు చేశాను, దాని వల్ల పోయింది మళ్ళీ రాలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది కృష్ణా జిల్లా. మా అమ్మమ్మగారి ఊళ్ళో ధాన్యం గదిలో ఒక ఎర్ర బండి ఉండేది. ఊరంతా దాన్ని బుల్లెట్ అనేవాళ్ళు. ఎవరో దొర వెళ్ళిపోతూ మా తాతయ్యకి బహుమానంగా ఇచ్చాడని ఇంట్లో ఒక కథ. 2016లో ఇల్లు అమ్ముతుంటే బండిని నేను తెచ్చుకున్నాను. ఉత్సాహం కొద్దీ మొదటి వారమే పెట్రోలు ట్యాంకు విప్పి ఒక వర్క్‌షాపులో రంగు తీయమని ఇచ్చేశాను.

తర్వాత రెండు రోజులకి విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయన, పాత బళ్ళ మెకానిక్, చూడటానికి వచ్చాడు. చూస్తూనే, "ఇది బుల్లెట్ కాదు బాబూ. హెడ్డు చూడు, పళ్ళెం బోర్లించినట్టు లేదూ?" అన్నాడు. హెడ్డు అంటే ఇంజను పైన మూత లాంటి భాగం. బుల్లెట్‌కి వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, వాటి మీద రాకర్ కవర్లనే రెండు మూతలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. మా బండి హెడ్డు మీద ఫిన్నులు (వేడి తగ్గించే రెక్కలు), స్పార్క్ ప్లగ్గు తప్ప ఏమీ లేవు. వాల్వులు బోరు (సిలిండరు) పక్కన ఉన్నాయి. దీన్నే సైడ్ వాల్వ్ ఇంజను అంటారు. ముందు ఫోర్కు కూడా గొట్టాల ఫోర్కు కాదు. రెండు పక్కలా ఇనప చట్రం, మధ్యలో ఒక్క పెద్ద స్ప్రింగు ఉన్న గర్డర్ ఫోర్కు. వెనక షాక్ అబ్సార్బర్లే లేవు, చక్రం నేరుగా ఫ్రేముకే బిగించి ఉంది. హెడ్‌లైటు, మడ్‌గార్డులు, సైలెన్సరు మాత్రం బుల్లెట్‌వే. సొంత సామాను దొరక్క ఎప్పుడో తగిలించారు. ఊరంతా పొరబడింది వాటిని చూసే. మీరూ హెడ్‌లైటు చూసి బండి పేరు తేల్చుకోవద్దు. ఇంజను, ఫ్రేము, ఫోర్కు, ఈ మూడూ చూడండి.

ఆయన పాత టూత్ బ్రష్షు కిరసనాయిల్లో ముంచి, ఇంజను ఎడమ పక్క, బోరు మొదట్లో మడ్డి కడిగాడు. తర్వాత సుద్దముక్క రుద్దితే గాట్లలో తెల్లగా అక్షరాలు తేలాయి: డబ్ల్యూ, ఎమ్, 20, ఆ తర్వాత వరసగా అంకెలు. "మిలిటరీ బండి" అన్నాడు. నాకు ఒళ్ళు జల్లుమంది. వెంటనే వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. అప్పటికే ట్యాంకు కుడి పక్క తెల్లటి ఇనుము తేలిపోయింది.

అది బి.ఎస్.ఎ. ఎమ్ 20. బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. మొదట తుపాకులు చేసిన కంపెనీ, అందుకే దాని గుర్తు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. ఒకటే సిలిండరు, 496 సీసీ. వేగం పెద్దగా లేదు, బరువు మాత్రం ఎక్కువ. కానీ మొండి బండి. స్పార్కుకి కరెంటు తనే పుట్టించే మాగ్నెటో ఉండటంతో బ్యాటరీ లేకపోయినా స్టార్టవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవి 1,26,000 దాకా తయారయ్యాయి. ఆ ఫ్యాక్టరీ మీద 1940 నవంబరు 19 రాత్రి జర్మన్ బాంబులు పడి 53 మంది పనివాళ్ళు చనిపోయారు. అయినా తయారీ మళ్ళీ సాగింది. నంబరు ముందున్న డబ్ల్యూ అక్షరమే సైన్యం కోసం చేసిన బండికి గుర్తు.

అప్పటి నుంచి నేను బండిని బాగు చేయడం మానేసి చదవడం మొదలుపెట్టాను. వెయ్యి నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం) తడిపి, రూపాయి బిళ్ళంత చోట మెల్లగా రుద్దితే రంగులు పొరలు పొరలుగా బయటపడతాయి. మంచి వెలుతురులో చేయండి, ప్రతి పొరకీ ఆగి ఫోటో తీయండి. మా ట్యాంకు మీద పైన ఎరుపు, దాని కింద నలుపు, ఆ కింద కాఫీ పొడి లాంటి గోధుమ రంగు, ఆ తర్వాత ఇనుము. ఫ్రేము మీద మాత్రం గోధుమ రంగు కింద ఇంకో పొర ఉంది, మాసిన ఆకుపచ్చ. నాలుగు రోజులు నాకది అర్థం కాలేదు. తర్వాత తెలిసింది: యుద్ధం మొదట్లో బ్రిటిష్ సైన్యం బళ్ళకి ఖాకీ పచ్చ వేసేవాళ్ళు. ఆ పచ్చ రంగుకి కావాల్సిన క్రోమియం ఆక్సైడ్ కరువై 1942 ప్రాంతంలో గోధుమ రంగుకి మారారు. అంటే ఫ్రేము ముందు కాలంది, ట్యాంకు తర్వాతది.

ఈ అనుమానం తీరడానికి బ్రిటన్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బుకి రాశాను. బి.ఎస్.ఎ. ఫ్యాక్టరీ నుంచి బండ్లు బయటికి పంపిన రిజిస్టర్లు వాళ్ళ లైబ్రరీలో ఉన్నాయి. ఫోటోలు, ఇంజను నంబరు, ఫ్రేము నంబరు పంపి రుసుము కట్టాను. ఇంజను 1943లో, ఫ్రేము 1941లో సైన్యం కాంట్రాక్టుల కింద వెళ్ళాయని జవాబు వచ్చింది. ఒక మాట గుర్తుంచుకోండి: ఎమ్ 20లో ఇంజను నంబరు, ఫ్రేము నంబరు ఫ్యాక్టరీలోనే వేరువేరుగా వేసేవాళ్ళు. అవి కలవలేదని కంగారు పడొద్దు, ఎవరైనా దొంగబండి అంటే నమ్మొద్దు. మా దాంట్లో విశేషం ఏమిటంటే ఏళ్ళే వేరు. ఏదో మిలిటరీ వర్క్‌షాపులో రెండు బళ్ళు విప్పి ఒకటి చేశారన్న మాట. పొరల లెక్క, రిజిస్టరు లెక్క ఒకటయ్యేసరికి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ట్యాంకు వెనక భాగంలో ఒక పల్లం ఉంది. సొట్ట పడిందని మా మామయ్య దానికి రేకు అతికించాడు. అది సొట్ట కాదు. దుమ్ము దేశాలకి పంపే బళ్ళకి వోక్స్ అనే పెద్ద ఎయిర్ ఫిల్టరు డబ్బా అమర్చడానికి ట్యాంకునే అలా నొక్కి చేశారు. ఫుట్‌రెస్టులు ఉత్త ఇనుము, రబ్బరే లేదు. హ్యాండిల్ మీద కొత్త గ్రిప్పులు కోసి తీస్తే కింద గట్టి కాన్వాసు గుడ్డ ముక్క అతుక్కుని ఉంది. ఇదీ యుద్ధం పనే. 1942 ఫిబ్రవరికి మలయా, సింగపూరు జపాన్ చేతికి పోయాయి, వాటితో పాటు రబ్బరు తోటలూ పోయాయి. అందుకని బి.ఎస్.ఎ. వాళ్ళు ఫుట్‌రెస్టులకి, కిక్కుకి రబ్బరు మానేసి, గ్రిప్పులు కాన్వాసుతో చేశారు. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మనవాళ్ళు ఇళ్ళు వదిలి పల్లెలకి పరుగెత్తిన రోజులవి. ఆ యుద్ధమే మా ధాన్యం గదిలో కూర్చుని ఉందని మాకు తెలియలేదు.

ఇదంతా మా అమ్మమ్మకి చెప్పాను. అప్పటికి ఆమెకి తొంభై దగ్గర పడ్డాయి. ఫుట్‌రెస్టు మాట వినగానే, "అవున్రా, కాలు జారుతోందని మీ తాతయ్య సైకిలు ట్యూబు కోసి చుట్టేవాడు" అంది. దొర కథ ఉత్తదేనట. యుద్ధం అయ్యాక మిలిటరీ మిగులు సామాను వేలం వేస్తుంటే మద్రాసు వెళ్ళి కొన్నాడట.

మరి నలుపు ఎందుకు వేశారని అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. 1949 ప్రాంతంలో కమ్యూనిస్టుల కోసం మా వైపు పల్లెల మీద పోలీసు దాడులు జరుగుతుండేవి. మిలిటరీ రంగు బండి, పైగా ఆ ఇంజను చప్పుడు. "మీ తాతయ్య ఏ ఊరు వెళ్ళినా బండి వినపడేసరికి మొగాళ్ళంతా చేలల్లో పడి పారిపోయేవాళ్ళు. ఒకసారి ఒక చూలాలు గట్టు మీద పడిపోయింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు ఆయన. తెల్లారి నల్ల రంగు డబ్బా తెచ్చి, తనే కూర్చుని బండంతా పూశాడు." నల్ల పొర మీద కుంచె గీతలు నేను అప్పటికే చూశాను. చేయి తిరగని మనిషి పనిలా ఉందని అనుకున్నాను కూడా. ఎరుపు తర్వాత ఎప్పుడో మా మామయ్య సరదా.

ఇక నేను పోగొట్టుకున్నది. సైన్యం బళ్ళకి ట్యాంకు రెండు పక్కలా ఒక నంబరు రాసేవాళ్ళు. మోటారు సైకిళ్ళకి అది సి అక్షరంతో మొదలై, తర్వాత అంకెలు ఉంటాయి. ఎడమ పక్క నలుపు కింద సి, మొదటి నాలుగంకెలు తెల్లగా దొరికాయి. మిగతా చోట తుప్పు తినేసింది. ఆ మిగతా అంకెలు కుడి పక్క ఉండి ఉంటాయి. దాన్ని నేనే ఇసకతో కొట్టించాను.

కాగితాల గురించి. ట్రంకు పెట్టెలు వెతకండి. మాకు చెదలు తిన్న పాత ఆర్సీ ఒకటి అమ్మమ్మ పెట్టె అడుగున దొరికింది. మద్రాసు కాలం నంబరు, ఎమ్ అక్షరంతో మొదలవుతుంది. తయారైన ఏడాది అన్నచోట 1947 అని ఉంది. అది రిజిస్టరైన ఏడాది. కాబట్టి ఆర్సీ దొరికినా ఇంజను మీది నంబరుతో సరిచూసుకోండి. రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్ళకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కొత్తగా అయితే 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో వీఏ అని వస్తుంది. రోజువారీ తిరగడానికి మాత్రం పనికిరాదు.

మీది ఎమ్ 20యే కానక్కర్లేదు. యుద్ధం నాటి బళ్ళలో నార్టన్ 16 హెచ్ కూడా సైడ్ వాల్వే, గర్డర్ ఫోర్కే. మ్యాచ్‌లెస్ జీ3ఎల్ అయితే 350 సీసీ, వాల్వులు పైన, ముందు గొట్టాల ఫోర్కు. దాన్ని బుల్లెట్ అనుకోవడం ఇంకా తేలిక. నిజంగా పాత బుల్లెట్టే అయినా తక్కువేం కాదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పటి బళ్ళు ఇప్పుడు ఎన్ని కనిపిస్తున్నాయి?

రేపు పగటి వెలుతురులో బండిని నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఇంజను ఎడమ పక్క కిరసనాయిలుతో మెత్తగా కడగండి, ఇనప బ్రష్షు వద్దు. ఆర్టీఓ దగ్గర చాసిస్ ప్రింటు తీసినట్టు నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలు రుద్దండి. నంబరుకి ముందున్న అక్షరాలు ఇక్కడ రాయండి, చివరి అంకెలు మాత్రం బయటపెట్టొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ బండి ఒకప్పుడు ఏ రంగులో ఉండేదో ఈ వారమే అడగండి.