పోస్టరు సంగతి తర్వాత, ముందు పేరా

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పోస్టర్లు మూడూ చూశాను. రంగుల విషయంలో నీకు మంచి చూపుంది, అక్కడ నేను చెప్పాల్సిందేమీ లేదు. ఉత్తరం చివర అడిగావు చూడు, టైపోగ్రఫీ, అంటే అచ్చు అక్షరాల అమరిక, మొదలుపెట్టాలంటే ముందు ఏ ఫాంట్లు తెలుసుకోవాలి, ఏ ఫాంటు పక్కన ఏది నప్పుతుంది అని, దానికి నా జవాబు నీకు కాస్త చప్పగా అనిపించొచ్చు. ఈ సెమిస్టరంతా ఫాంట్ల వేటకి వెళ్లకు. ఒక్క ఫాంటు పెట్టుకో. దాంతో ఒక్క పేజీ మామూలు వచనాన్ని, ఎవరైనా కూర్చుని హాయిగా చదువుకునేలా అమర్చడం నేర్చుకో.

పోస్టరులో ఉండేవి పట్టుమని పది మాటలు. వాటిని పెద్దవి చేసి, కాస్త పక్కకి వంచి, రంగు వేస్తే ఎవరి చూపైనా పడుతుంది. లోపాలు ఆ సందడిలో కొట్టుకుపోతాయి. మూడొందల మాటల వచనంలో అలా దాక్కోవడానికి చోటుండదు. అక్షరం సైజు, లైను పొడవు, లైన్ల మధ్య దూరం, వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా చదివేవాళ్లకి విసుగొస్తుంది. ఎందుకొచ్చిందో వాళ్లకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నీకు మాత్రం తెలిసి తీరాలి. నీ పోస్టర్లలో కూడా పైనున్న పెద్ద అక్షరాలు బాగానే ఉన్నాయి. కింద వివరాలు రాసిన నాలుగు లైన్లనే నేను రెండోసారి చదవాల్సి వచ్చింది.

ఇలా చెయ్యి. నీకు నచ్చిన వ్యాసంలోంచో, కథలోంచో ఒక పేజీ తీసుకో. నువ్వు నిజంగా చదివినదై ఉండాలి. అందరూ వాడే ఆ అర్థంలేని లాటిన్ డమ్మీ టెక్స్ట్ వద్దు. దాంతో పేజీ చూడ్డానికి ఎలా ఉందో తెలుస్తుందే గానీ, చదవడానికి ఎలా ఉందో తెలియదు. ఒకే ఫాంటు, ఒకే వెయిట్ (గీత మందం), నలుపు రంగు. ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చిన ప్రతిసారీ ప్రింట్ తీసి, మామూలుగా పుస్తకం పట్టుకునే దూరంలో పట్టుకుని చదువు. తెర మీద రెండొందల శాతం జూమ్ చేసి పెట్టిన పేజీ బాగుందని నమ్మకు. పాఠకుడు దాన్ని ఆ సైజులో ఎప్పుడూ చూడడు.

ముందు సైజు సంగతి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. 12 పాయింట్లు కలిస్తే ఒక పైకా. కానీ పది పాయింట్లు అన్నప్పుడు ఆ కొలత అక్షరానిది అనుకుంటావేమో, అది అక్షరం కూర్చునే పెట్టెది. సీసపు అచ్చుల రోజుల్లో అక్షరాన్ని మోసే దిమ్మె ఎత్తు అది. ఆ పెట్టెలో అక్షరం ఎంత మేర నిండాలన్నది గీసినవాళ్ల ఇష్టం. అందుకే గారమండ్‌నీ, వెర్డానానీ ఈ రెండు ఫాంట్లనీ ఒకే పది పాయింట్లలో పక్కపక్కన పెడితే వెర్డానా బాగా పెద్దదిగా కనిపిస్తుంది. వెర్డానాని మాథ్యూ కార్టర్ 1996లో కంప్యూటర్ తెర కోసం గీశాడు, దాని ఎక్స్ హైట్, అంటే చిన్న అక్షరాల ఒంటి ఎత్తు, చాలా ఎక్కువ. తెలుగు ఫాంట్లలో ఈ తేడా ఇంకా ముదురుతుంది. అదే పెట్టెలో పైన గుడి, ఏత్వాలకీ, కింద ఒకటి రెండు వత్తులకీ చోటివ్వాలి కాబట్టి కొందరు ఒంటి అక్షరాన్ని చిన్నదిగా గీస్తారు, కొందరు గీయరు. కాబట్టి "బాడీ టెక్స్ట్ ఎన్ని పాయింట్లు పెట్టాలి" అని ఎవర్నీ అడగకు. ఇంగ్లిష్ పుస్తకానికి తొమ్మిది నుంచి పదకొండు మధ్యలో మొదలుపెట్టు, తెలుగుకి ఒకటి రెండు ఎక్కువ పెట్టు, ఆపైన కాగితం చూసి నిర్ణయించుకో.

తర్వాత లైను పొడవు. మన కన్ను లైను మీద ఏకధాటిగా జారుకుంటూ పోదు. చిన్న చిన్న గెంతులు వేస్తూ, మధ్యలో ఆగుతూ పోతుంది. ఆగినప్పుడే చదువుతుంది. లైను చివరికి వెళ్లాక వెనక్కి ఒక పెద్ద గెంతు గెంతి తర్వాతి లైను మొదలు పట్టుకోవాలి. లైను మరీ పొడవైతే ఆ గెంతు గురి తప్పి చదివిన లైనే మళ్లీ చదువుతాం. మరీ పొట్టిదైతే ఊపు అందుకునేలోపే లైను అయిపోతుంది. ఇంగ్లిష్‌లో లైనుకి ఖాళీలతో కలిపి 45 నుంచి 75 అక్షరాలు ఉంటే బాగుంటుందన్నది అందరూ ఒప్పుకునే లెక్క. తెలుగులో పదాలు పొడవు, వత్తులూ గుణింతాలూ కలిసిపోతాయి కాబట్టి అక్షరాల లెక్క సరిగ్గా కుదరదు. నేను పదాల్లో చూసుకుంటాను, లైనుకి ఏడెనిమిది పదాలు పడితే చాలు.

ఇక లీడింగ్, అంటే లైన్ల మధ్య దూరం. ఇక్కడ మాత్రం తొందరపడకు, ఎక్కువ రోజులు పట్టినా ఫరవాలేదు. ఇంగ్లిష్ వచనానికి అక్షరం సైజులో 120 నుంచి 145 శాతం దాకా పెడతారు, అంటే పది పాయింట్ల అక్షరానికి పన్నెండు నుంచి పద్నాలుగున్నర. ఆ లెక్కే తెచ్చి తెలుగుకి పెడితే ఏమవుతుందో నీ కళ్లతోనే చూడు. పై లైనులో "శాస్త్రం", "రాష్ట్రం" వచ్చేలా, సరిగ్గా వాటి కింద "దీక్ష", "కీలకం" వచ్చేలా నాలుగు వాక్యాలు నువ్వే రాసుకో. శాస్త్రంలో స కింద త వత్తు ఉంటుంది, దాంతో పాటు ర వత్తు కూడా చుట్టుకుని కిందికి దిగుతుంది. కింది లైనులో దీ మీద గుడి దీర్ఘం పైకి లేస్తుంది. రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి, ఒక్కోసారి ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతాయి. ఎక్కడ రాసుకున్నాయో అక్కడ పేజీలో నల్లటి మచ్చలా కనిపిస్తుంది, కన్ను అక్కడ ఆగుతుంది. దూరాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పో. 150 శాతం దగ్గర ఊపిరి ఆడుతుంది, కొన్ని ఫాంట్లకి 170 దాకా కావాల్సి వస్తుంది. ఇంకా పెంచితే లైన్లు దేనికవి విడిపోయి పేరా పేరాలా కనిపించదు. ఆ రెండు హద్దుల మధ్య ఎక్కడ ఆగాలో నీ చేత్తో నువ్వే కనిపెట్టాలి. ఇలాంటి వత్తుల మాటలతో ఒక పరీక్ష పేరా ఎప్పుడూ దగ్గర పెట్టుకో, కొత్త ఫాంటు చేతికొచ్చిన ప్రతిసారీ ముందు దాన్నే వేసి చూడు.

ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయన్నది మర్చిపోకు. లైను పొడవు పెంచితే లీడింగ్ కూడా పెంచాలి, లేకపోతే కన్ను వెనక్కి వచ్చే దారి తప్పుతుంది. ఎక్స్ హైట్ ఎక్కువున్న ఫాంటుకి ఖాళీ ఎక్కువ కావాలి. హెడ్డింగుల్లో మాత్రం సైజు పెరిగేకొద్దీ లీడింగ్ శాతం తగ్గించుకుంటూ రావాలి. రెండు లైన్ల హెడ్డింగు ఒకే మాటలా వినిపించాలి.

పేరాని రెండు వైపులా సమంగా, జస్టిఫై చేసి పెట్టాలని నీకు ముచ్చటగా ఉంటుంది. చూడ్డానికి నీటుగా ఉంటుంది నిజమే. కానీ సన్నటి కాలమ్‌లో తెలుగు పొడుగు పదాలు పడ్డాయంటే, లైను నింపడానికి సాఫ్ట్‌వేర్ మాటల మధ్య ఖాళీలని సాగదీస్తుంది. ఆ ఖాళీలు లైను కింద లైను చేరి పేజీ మధ్యలో తెల్లటి పాయల్లా దిగుతాయి. ప్రింటు తలకిందులుగా పట్టుకుని, కళ్లు సగం మూసి చూడు, చదివే అలవాటు తప్పిపోయి పాయలు మాత్రమే కనిపిస్తాయి. కనిపించాయంటే ఎడమ వైపుకి అలైన్ చేసి, కుడి అంచుని దాని మానాన వదిలెయ్యి. అందులో తక్కువేం లేదు.

అక్షరాల మధ్య దూరం గురించి క్లాసులో చాలా చెబుతారు, అందుకని కెర్నింగ్ మీద, అంటే పక్కపక్క అక్షరాల జతల మధ్య ఎడం సరిచేయడం మీద, పడిపోకు. మంచి ఫాంటులో ఆ పని గీసినవాళ్లే చేసి పెడతారు. ఇంగ్లిష్ క్యాపిటల్స్‌లో A పక్కన V వచ్చినప్పుడు, T పక్కన చిన్న o వచ్చినప్పుడు మధ్యలో ఎడం ఎక్కువ కనిపిస్తుంది. పెద్ద హెడ్డింగుల్లో వీటిని చూసి సరిచేస్తే చాలు. మొత్తం క్యాపిటల్స్‌లో పెట్టిన మాటకి కొద్దిగా ట్రాకింగ్, అంటే అక్షరాలన్నిటి మధ్య సమంగా కాస్త ఎడం, ఇవ్వు. చిన్న అక్షరాలకి ఇవ్వకు. తెలుగుకి అసలే వద్దు, కలిసి ఉండాల్సిన అక్షరాలు చెదిరి మాట ఆకారం పోతుంది.

ఒకటి మాత్రం జూమ్ చేసి చూడాల్సిందే. ఏదైనా మంచి ఫాంటులో క్యాపిటల్ H, O పక్కపక్కన టైప్ చేసి, పైనా కిందా గైడ్ లైన్లు గీసి చూడు. O ఆ గీతలని వెంట్రుకవాసి దాటి ఉంటుంది. సరిగ్గా గీత దగ్గరే ఆపేస్తే గుండ్రటి అక్షరం పక్కదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి కావాలనే అలా గీస్తారు. స్కేలు సమానం అన్నది కంటికి సమానంగా కనిపించాలని లేదు. సాఫ్ట్‌వేర్ అలైన్ బటన్ నొక్కాక కూడా ఏదో తేడాగా ఉందనిపిస్తే నీ కంటినే నమ్ము, చేత్తో జరుపు.

హెడ్డింగులు, ఉపశీర్షికలు కూడా అదే ఒక్క ఫాంటుతో చెయ్యి. సైజు, వెయిట్, చుట్టూ ఖాళీ, ఈ మూడు పనిముట్లు చాలు. అన్నీ ఒకేసారి వాడకు. హెడ్డింగుకి పైన ఎక్కువ ఖాళీ, కింద తక్కువ ఖాళీ ఉండాలి, అప్పుడే అది తన కింది పేరాకి చెందిందని తెలుస్తుంది. సమానంగా ఉంటే రెండు పేరాల మధ్య దిక్కులేకుండా వేలాడుతుంది. ఎంతమంది దీన్ని పట్టించుకోరో చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే సరిచేయడం చిటికెలో పని.

మిగతా చిన్న జాగ్రత్తలు చకచకా చెప్పేస్తాను. కొత్త పేరా అని చెప్పడానికి మొదటి లైనుని లోపలికి జరుపు, లేదా పైన ఖాళీ వదులు, రెండూ వద్దు. నిటారు కోట్స్ తీసేసి వంపు కోట్స్ పెట్టు. తెలుగులో ఇటాలిక్ సంప్రదాయం లేదు. సాఫ్ట్‌వేర్ బలవంతంగా వంచిన అక్షరం అందవికారంగా ఉంటుంది, నొక్కి చెప్పాలంటే బోల్డ్ వాడు, అదీ ఫాంటులో నిజంగా బోల్డ్ ఉంటేనే. వెబ్ పేజీ అయితే బ్రౌజర్లు మామూలుగా ఇచ్చే 16 పిక్సెళ్ల కంటే తగ్గకు. లేత బూడిద రంగు అక్షరాలు స్టైల్‌గా ఉన్నాయని పెట్టకు, మామూలు సైజు వచనానికి కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా) ఉండాలని వెబ్ ప్రమాణాలే చెబుతున్నాయి.

మరి ఏ ఫాంటు తీసుకోవాలి అంటావా? తెలుగుకి మండలి గానీ, నోటో సెరిఫ్ తెలుగు గానీ తీసుకో. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, రెండూ యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు వాడేవి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కొన్ని చాలా అందంగా ఉంటాయి గానీ, వాటిలో కొట్టిన మాట వెతికితే దొరకదు, వేరే చోట పేస్ట్ చేస్తే పిచ్చి గీతలవుతుంది. చిన్న సైజులో ప, వ ఎలా ఉన్నాయో తప్పకుండా చూడు. ప పైన తెరిచి ఉంటుంది, వ మూసి ఉంటుంది. ఆ కాస్త సందు సిరాతో పూడిపోతే చదివేవాళ్లు మాట మొత్తం చదివి వెనక్కొచ్చి అదేంటో ఊహించుకోవాలి. మ, వు కూడా అంతే. తెలుగు మధ్యలో ఇంగ్లిష్ మాట వస్తే, రెండింటి గీత మందం ఒకటిగా ఉందా, ఇంగ్లిష్ అక్షరం తెలుగుని మింగేస్తోందా అని చూసుకో. మామూలుగా ఇంగ్లిష్‌ని ఒక అడుగు తగ్గించాల్సి వస్తుంది.

చరిత్ర కూడా కాస్త చదువు, పరీక్ష కోసం కాకపోయినా. పదహారో శతాబ్దంలో గారమండ్ చెక్కిన అక్షరాల్లో కలం వాలు ఇంకా కనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో బాస్కర్‌విల్ అనే ముద్రాపకుడు అక్షరాలతో పాటు సిరానీ కాగితాన్నీ కూడా మెరుగుపరిచాడు, అందుకే అతని సన్నగీతలు అచ్చులో నిలిచాయి. ఆ తర్వాత బొడోని దగ్గరికొచ్చేసరికి మందం గీతకీ సన్నగీతకీ తేడా తారస్థాయికి చేరింది. 1932లో టైమ్స్ న్యూ రోమన్ ఒక దినపత్రిక కోసం పుట్టింది, అందుకే తక్కువ చోటులో ఎక్కువ మాటలు పట్టిస్తుంది. హెల్వెటికా, యూనివర్స్ రెండూ 1957లోనే వచ్చాయి. వీటిని పేర్లుగా బట్టీ పట్టకు. పెద్ద సైజులో ప్రింట్ తీసి, మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో గీసి చూడు. నల్లటి గీతతో పాటు లోపలి తెల్లటి భాగం ఆకారాన్ని కూడా గీయి. నాలుగక్షరాలు అలా గీసేసరికి, ఏ రెండు ఫాంట్లు పక్కపక్కన నప్పుతాయో ఎవరూ చెప్పకుండానే నీకు తోచడం మొదలవుతుంది.

నీ పేజీని తోటి డిజైన్ విద్యార్థులకి చూపించే ముందు, డిజైన్ గోల పట్టని మనిషి ఒకరికి ఇచ్చి చదవమను. ఎలా ఉందని అడగకు. పక్కన కూర్చుని వాళ్ల కళ్లు చూడు. ఎక్కడ ఆగారో, ఏ లైను దగ్గర వేలు పెట్టుకున్నారో, ఎక్కడ వెనక్కెళ్లారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. నాకు పంపేటప్పుడు ఆ గుర్తులున్న కాగితమే పంపు. లీడింగ్ మూడు రకాలుగా మార్చి మూడు ప్రింట్లు తీస్తే ఇంకా మంచిది. ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో ఒక్కోదాని వెనక రెండు మాటలు రాయి. ఆదివారం తీరిగ్గా చూసి ఫోన్ చేస్తాను.

నీ
మావయ్య