ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోయాయి, తక్కువలో ఏవి వేయించాలి?

మీరు అడిగింది విజయవాడలో తిరిగే చిన్న కారు గురించి. టైర్లు కొనేముందు అరుగుదల సంగతి తేల్చుకోండి, లేదంటే కొత్తవీ అలాగే పోతాయి.

లోపలి అంచు మాత్రమే అరిగిందంటే సాధారణంగా అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాల అమరిక) తేడానే. ట్రెడ్ (టైరు మీద గాట్లుండే, రోడ్డుకు తగిలే భాగం) మీద అరచేతిని అడ్డంగా అటూ ఇటూ జరిపి చూడండి. ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపంలా గుచ్చుకుంటే టో, అంటే చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పింది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు చూపించాలి. చక్రాన్ని సస్పెన్షన్‌కు, స్టీరింగ్‌కు కలిపే బాల్ జాయింట్, టై రాడ్ లూజుగా ఉంటే ముందు అవి మార్పించండి. వాటిని వదిలేసి అలైన్‌మెంట్ చేయిస్తే డబ్బులు దండగే.

ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్ టైర్లు చవగ్గా కనిపిస్తాయి. నేనైతే వద్దంటాను, లోపల ఎక్కడ దెబ్బతిందో పైకి తెలియదు. ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకేల్లో మామూలు రకం చాలు. డోర్ దగ్గరి స్టిక్కర్‌లో ఉన్న సైజే తీసుకోండి. టైరు పక్క గోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూడండి: 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. షాపులో పాత స్టాకు అంటగట్టకుండా ఇదొక్కటి చూసుకుంటే చాలు.

రెండే కొంటే కొత్తవి వెనక్కి వేయించి, వెనకవి బాగుంటే ముందుకు తెప్పించండి. వానలో వెనక చక్రాలు జారితే కారు తిరిగిపోతుంది. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మాత్రం ఎక్కడా పనికిరాదు. గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించుకోండి.