హైదరాబాద్‌లో పాత వీడియో గేములు పోగుచేయాలంటే ప్లేస్టేషన్ 2తో మొదలుపెట్టండి

మీరు అడిగినవి రెండు: గేముల స్వర్ణయుగం ఏది, హైదరాబాద్‌లో ఉంటూ కలెక్షన్ ఎక్కడ మొదలుపెట్టాలి. రెండింటికీ నా జవాబు ఒకటే: సోనీ గేము మెషిన్ ప్లేస్టేషన్ 2. పోగుచేసేవాళ్లకు స్వర్ణయుగమంటే, కొన్న క్యాసెట్‌లోనో డిస్కులోనో గేమంతా ఉండి, ఏ కంపెనీ సర్వర్‌తోనూ పనిలేకుండా ఆడుకోగలిగిన కాలం. అది ప్లేస్టేషన్ 2తో దాదాపు ముగిసింది.

1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ నుంచి 1983 దాకా నడిచిన ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే మెషిన్ల) రోజులే స్వర్ణయుగమని కొందరంటారు. ఇంకొందరు 1998ని చూపిస్తారు: ఆకరీనా ఆఫ్ టైమ్, హాఫ్ లైఫ్, మెటల్ గేర్ సాలిడ్, స్టార్‌క్రాఫ్ట్ అన్నీ ఆ ఒక్క ఏడాదే వచ్చాయి. ఆ వాదనలో బలం ఉంది. కానీ అప్పటికి మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి నింటెండో కంపెనీ జపాన్ మెషిన్ ఫామికామ్‌కు నకళ్లుగా వచ్చిన టీవీ గేములు. ఆ తర్వాతి మెషిన్లకు కొన్ని గేములు ఆన్‌లైన్‌లోనే అమ్మారు. నింటెండో మెషిన్లు వీ యూ, 3డీఎస్‌ల ఆన్‌లైన్ దుకాణాలు 2023 మార్చిలో మూతపడ్డాయి, ఎక్స్‌బాక్స్ 360ది 2024 జూలైలో. వాటిలో మాత్రమే అమ్మిన గేమును ఇప్పుడు డబ్బిచ్చి కొనాలన్నా దారిలేదు. అందుకే అల్మారాలోంచి తీసి పెడితే ఆడుతుందా లేదా అన్నదే నా కొలత.

ప్లేస్టేషన్ 2 పదిహేను కోట్లకు పైగా అమ్ముడైంది కాబట్టి మెషిన్లు, విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. పైగా హైదరాబాద్‌కే చెందిన ఔరోనా సంస్థ తయారుచేయగా 2009లో సోనీ విడుదల చేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ ఈ మెషిన్‌దే. గేము నాణ్యత గురించి ఎవరేమన్నా, ఈ ఊరి కలెక్షన్‌లో అది లేకపోతే నాకు వెలితిగానే ఉంటుంది.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో మెషిన్ కనిపిస్తే, పనిచేయదనే అనుకుని బేరమాడండి. పరీక్షించే వీలుంటే రెండు ఒరిజినల్ డిస్కులు వెంట తీసుకెళ్లండి, ఒకటి అడుగు నీలంగా ఉండే సీడీ, రెండోది వెండిరంగు డీవీడీ. లెన్స్ యూనిట్‌లో సీడీకి, డీవీడీకి వేర్వేరు లేజర్లు ఉంటాయి. ఒకటి చదివి రెండోది చదవకపోతే లెన్స్ మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. డూప్లికేట్ డిస్కు ఆడితే మెషిన్ బాగున్నట్టు కాదు, అందులో కాపీ డిస్కులు ఆడించే చిప్ ఉన్నట్టు. సన్న మోడళ్లలో 90000 సిరీస్‌కు పవర్ సప్లై లోపలే ఉంటుంది. అంతకుముందు సన్నవాటికి బయట 8.5 వోల్టుల అడాప్టర్ కావాలి, అది లేకుండా అమ్మేవాళ్లే ఎక్కువ. 64, 128 ఎంబీ అని రాసిన మెమరీ కార్డుల జోలికి పోకండి, వాటిలో సేవ్‌లు తరచూ చెడిపోతాయి. సోనీ ఒరిజినల్ 8 ఎంబీదే.

మన మార్కెట్లలో డిస్కులు ఎక్కువగా డూప్లికేట్లే. కంప్యూటర్‌లో రైట్ చేసిన డీవీడీ అడుగు ఊదారంగు ఛాయలో ఉంటుంది. అయితే నీలం అడుగు చూసి నకిలీ అని పారేయకండి, ప్లేస్టేషన్ 2 ఒరిజినల్ సీడీలు నీలంగానే ఉండేవి. ఫ్యాక్టరీ డిస్కు లోపలి వలయంలో ఉండే ఐఎఫ్‌పీఐ (IFPI) అన్న చిన్న అక్షరాలు వెతకండి. లేబుల్ మీది ఎస్‌ఎల్‌ఈఎస్ (SLES) వంటి నంబరు, పెట్టె అంచు మీది నంబరు ఒకటే కావాలి. ఎస్‌ఎల్‌యూఎస్ (SLUS) అని ఉంటే అమెరికాది, చిప్ లేని మన పాల్ (యూరప్, మన దేశాల టీవీ పద్ధతి) మెషిన్‌లో ఆడదు. గీతల్లో మధ్య నుంచి అంచుకు పడ్డవి అంత ప్రమాదం కాదు, ట్రాక్ వెంబడి గుండ్రంగా పడ్డవే చదవనివ్వవు. సీడీకి లేబుల్ వైపు గీత మరీ చెడ్డది, సమాచారం ఆ పూత కిందే ఉంటుంది. దీపానికి ఎదురుగా పట్టి చూడండి, సూదిబెజ్జాల్లా వెలుతురు వస్తే వదిలేయండి.

క్యాసెట్లకు ఊదే అలవాటు మానేయాలి. ఉమ్మి తడికి రాగి పిన్నులు నల్లబడతాయి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. 70 శాతందిలో నీళ్లు ఎక్కువ. దూది పుల్లకు అద్ది, మురికి రావడం ఆగేదాకా పిన్నులు తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. గరుకు కాగితం వాడితే బంగారుపూత పోతుంది. నింటెండో క్యాసెట్లు విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ ముక్క కావాలి. సేవ్ ఉండే ఎన్‌ఈఎస్, ఎస్‌ఎన్‌ఈఎస్ (నింటెండో పాత మెషిన్లు) క్యాసెట్లలో సాధారణంగా సీఆర్2032 సెల్ ఉంటుంది. మల్టీమీటర్‌లో 3 వోల్టులు రావాలి, 2.5 కంటే తగ్గితే మార్చేయండి. పాత సెల్ తీయగానే సేవ్ పోతుందని ముందే తెలుసుకోండి. ట్యాబులు అతికించి అమ్మే సెల్ కొని ఆ ట్యాబులనే సోల్డర్ చేయండి. సెల్ మీదే సోల్డర్ చేస్తే వేడికి పగలొచ్చు.

కరెంటు దగ్గర మాత్రం తొందర వద్దు. జపాన్ మెషిన్ అడాప్టర్ 100 వోల్టులది, మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఫామికామ్‌కు 10 వోల్టుల డీసీ, సెంటర్ నెగటివ్ (ప్లగ్గు మధ్యభాగం నెగటివ్). ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. పిన్ను సరిపోయిందని దాన్ని ఫామికామ్‌కు గుచ్చితే బోర్డే పోవచ్చు.

నింటెండో గేము డక్ హంట్ తుపాకీ పాత డబ్బా టీవీ మీదే పనిచేస్తుంది, ఎల్‌ఈడీ టీవీతో లాభంలేదు.

స్లాబు కింది అటక మీద పెట్టెలు పెట్టకండి, మే ఎండకు లేబుళ్ల జిగురు కరుగుతుంది. వానాకాలంలో మూత బిగిసే డబ్బాల్లో సిలికా జెల్ వేసి ఉంచండి. మొదటితరం ఎక్స్‌బాక్స్ దొరికితే షెల్ఫులో పెట్టేముందే విప్పి, 1.6 వెర్షన్ కాకపోతే క్లాక్ కెపాసిటర్ (టైమ్ గుర్తుంచుకోవడానికి పెట్టిన భాగం) తీసేయండి. అది కారి మదర్‌బోర్డు ట్రాకులను తినేస్తుంది. తీశాక పోయేది టైమ్ సెట్టింగ్ ఒక్కటే.