పశువుల కొట్టంలో పడుకున్న మొగుడు

"భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లకి మళ్ళీ ప్రేమ దొరికినట్టు అమెరికా టీవీలో హాల్‌మార్క్ ఛానెల్‌లో తెగ సినిమాలు వేస్తారు కదా, నిజజీవితంలో అలా జరుగుతుందా?" అని అడిగారు. దీనికి జవాబు చెప్పే అర్హత నాకు కొంచెం ఎక్కువే ఉంది. 2014లో బాబు వాళ్ల నాన్న పోయారు, గుండెపోటు, ముప్పై తొమ్మిదేళ్లు. 2018లో నేను మళ్ళీ పెళ్లి చేసుకున్నాను. ఈ రెంటికీ మధ్య ఆ సినిమాలు లెక్కలేనన్ని చూశాను. కాస్త ఓపిక పట్టండి, నాకు సూటిగా చెప్పడం రాదు.

జరుగుతుంది. ఆ సినిమాల్లో చూపించినట్టు మాత్రం కాదు, ఒక్క సినిమా తప్ప.

2016 డిసెంబర్లో మా చెల్లెలు డాలస్ నుంచి టికెట్లు పంపింది, "అక్కా, ఆ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది, వచ్చెయ్" అని. బడిలో ఉన్న సెలవులన్నీ కూడగట్టి ఐదు వారాలు వెళ్లాను. పొద్దున్నే చెల్లీ మరిదీ ఆఫీసులకి పోయేవాళ్లు, మా బాబు చెల్లి పిల్లలతో మేడ మీద వీడియో గేముల్లో పడిపోయేవాడు, ఇక కింద నేనూ, చెల్లి వాళ్ల అత్తగారూ, టీవీ. ఆవిడది తణుకు. డెబ్భై దాటాయి, భర్త పోయి పాతికేళ్లు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆ హాల్‌మార్క్ సినిమాలు నాకంటే ఆవిడకే బాగా అర్థమయ్యేవి. ఎందుకంటే కథ అన్నిట్లో ఒకటే. చిన్న ఊరు, మంచు, బేకరీ. భార్య పోయిన మగాడు, వాడికో ముద్దులొలికే కూతురు. పట్నం నుంచి ఉద్యోగం తప్ప వేరే లోకం తెలియని ఒక అమ్మాయి వస్తుంది. ఇద్దరూ క్రిస్మస్ చెట్టు కొంటారు, మధ్యలో ఒక అపార్థం, చివరి రెండు నిమిషాల్లో ముద్దు. రెండు గంటల టైములో ప్రకటనలు తీసేస్తే గంటన్నర కూడా ఉండదు సినిమా. పండగ రోజుల్లో ఆ ఛానెల్‌లో రాత్రీ పగలూ ఇవే. మా చెల్లి నవ్వేది, "గ్రీటింగ్ కార్డులు అమ్మేవాళ్లు సినిమాలు తీస్తే ఇలాగే ఉంటాయే" అని. నిజమే, ఆ కంపెనీ 1910లో కాన్సస్ సిటీలో కార్డులతోనే మొదలైంది, 1951 క్రిస్మస్ ముందురోజు రాత్రి నుంచి వాళ్ల పేరుతో టీవీలో నాటకాలూ సినిమాలూ వస్తున్నాయి. కార్డు మీద నాలుగు వాక్యాల్లో పట్టే దుఃఖమే సినిమాలోనూ ఉంటుంది.

వాటిల్లో నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. పోయిన మనిషికి వంటగదిలో పని ఉండదు, అప్పులు ఉండవు, గ్యాస్ కనెక్షన్ ఆ మనిషి పేరు మీద ఉండదు. ఒక ఫోటో ఉంటుంది అంతే. కథ సగంలోకి వచ్చేసరికి ఎవరో ఒక ముసలావిడ "నువ్వు సంతోషంగా ఉండాలనే ఆవిడ కోరుకునేది" అంటుంది, అయిపోయింది, ఇక దారి క్లియర్. నాకైతే ఆ గ్యాస్ పేరు మార్పించుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. ప్రతిసారీ కౌంటర్లో కుర్రాడు "సార్‌ని రమ్మనండి మేడమ్" అనేవాడు. డెత్ సర్టిఫికెట్ అద్దంలోంచి లోపలికి తోసి, "సార్ ఇదిగో" అని ఒకరోజు గట్టిగా అనేశాను. తరవాత పాపం అనిపించింది, వాడికేం తెలుసు.

సరే, ఆ ఒక్క సినిమా. చెల్లి పిల్లల పుస్తకాల కోసం లైబ్రరీకి వెళ్తే అక్కడ డీవీడీలు కూడా ఇస్తారు, అట్ట మీద గుర్రబ్బండి చూసి తెచ్చాను. పేరు 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ', 2003లో హాల్‌మార్క్ ఛానెల్ కోసమే తీసింది, కెనడా రచయిత్రి జానెట్ ఓక్ నవల ఆధారం. కేథరిన్ హైగల్ హీరోయిన్. బేకరీ లేదు. కొత్తగా పెళ్లయిన జంట గుర్రబ్బండిలో అమెరికా పడమటి ప్రాంతానికి కొత్త బతుకు వెతుక్కుంటూ వస్తారు, వచ్చీ రాగానే భర్త పోతాడు. పాతిపెట్టిన రోజే, అదే రోజండీ, భార్య పోయిన ఒక రైతు వచ్చి అడుగుతాడు: నా కూతురికి తల్లి కావాలి, నీకు ఈ చలికాలం గడవడానికి ఇల్లు కావాలి, పెళ్లి చేసుకుందాం. వసంతంలో బండ్లు వెనక్కి వెళ్లేటప్పుడు నీకు వెళ్లాలనిపిస్తే ఖర్చు నేను పెట్టుకుంటాను. ప్రేమా గీమా ఏం లేదు. ఆ అమ్మాయికి వేరే దిక్కు లేక ఒప్పుకుంటుంది. తరవాత తెలుస్తుంది, కడుపులో బిడ్డ, పోయినవాడి బిడ్డ.

అత్తయ్యగారు జంతిక కొరకడం ఆపేశారు. "వెంటనే చేసేసుకుందా?" అన్నారు. అవునండీ అన్నాను. మూతి ముడుచుకున్నారు. ఐదు నిమిషాల తరవాత, "ఆ అబ్బాయి ఎక్కడ పడుకుంటున్నాడు?"

"పశువుల కొట్టంలో అండీ. ఇల్లు ఆవిడకీ పిల్లకీ ఇచ్చేశాడు."

"అయితే మంచివాడే" అని మళ్ళీ జంతిక తీసుకున్నారు.

ఆ తరవాత సినిమా అంతా ఆవిడ ఆ కొట్టం మీదే దృష్టి పెట్టారు. పిల్ల మొండికేసినా, ఈవిడ వంట మాడ్చినా పట్టించుకోలేదు, "ఇంకా కొట్టంలోనేనా?" అని మాత్రం అడుగుతూ ఉన్నారు. సినిమా అయ్యాక లేచి కాఫీ పెట్టుకొచ్చి, నా గ్లాసు బల్ల మీద పెడుతూ, నా వైపు చూడకుండా అన్నారు, "నాకు నలభై ఆరు అప్పటికి. ఒకాయన అడిగించాడు. మా వాడు పదో తరగతి. వాడేమనుకుంటాడో అని వద్దన్నాను." కాసేపాగి, "వాడినోసారి అడగాల్సింది" అన్నారు. ఆ "వాడు" మా మరిది. ఇప్పటికీ అతనికి తెలీదు, ఈ జవాబు చదివితే తప్ప.

నాకు ఆ రోజు తట్టింది ఏంటంటే, అమెరికా వాళ్ల సినిమాల్లో ఇదొక్కటే మన పెద్దలు కుదిర్చిన పెళ్లిలా ఉంది. ముందు ఒప్పందం, తరవాత వంట, తరవాత జ్వరం వస్తే తడిగుడ్డ, ఇవన్నీ అయ్యాక ఎప్పుడో ప్రేమ. మనకి మొదటి పెళ్లి ఇలా చేసుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు, రెండో పెళ్లికి మాత్రం "ప్రేమేనా, అవసరమా?" అని నిలదీస్తారు. అవసరం అంటే తప్పేంటో నాకర్థం కాదు. రాత్రి రెండింటికి పిల్లాడికి నూట మూడు జ్వరం వస్తే ఆటో పిలవడానికి ఇంకో మనిషి ఉండడం అవసరమే.

తిరిగి రాజమండ్రి వచ్చాక అన్నయ్యతో "సంబంధాలు చూడండి" అన్నాను. ఇక చూడండి తమాషా. మా పెద్దమ్మ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగింది, 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించిన ఊరు ఇదే. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఎవరూ రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసి వండారట. ఈ పాఠం నేను ఏటా పిల్లలకి చెప్తాను. మా పెద్దమ్మ కూడా ఆయన పేరు చెప్తే చేతులు జోడిస్తుంది. నా సంగతి వచ్చేసరికి, "ఆ రోజుల్లో వితంతువులంటే పసిపిల్లలే, నీకు బిడ్డ ఉన్నాడు కదా" అంది. పోయినావిడ భర్తకి ఏడాది తిరక్కుండా సంబంధాలు చూసేదీ ఈ పెద్దమ్మలే.

పెళ్లి సంబంధాల సైట్లు ఇంకో నరకం. సెకండ్ మ్యారేజ్ అని నొక్కగానే అందరూ "వితౌట్ ఇష్యూస్" కావాలంటారు. నా కొడుకు ఒక ఇష్యూ అన్నమాట. యాభై రెండేళ్లాయన ఒకరు ముప్పై దాటకూడదని రాశారు. ఆరు నెలల డబ్బు కట్టి ఆరు వారాల్లో మానేశాను.

ఇప్పటి మా ఆయన, మా అన్నయ్య స్నేహితుడి ద్వారా వచ్చారు. కరెంటు డిపార్ట్‌మెంట్లో లైన్ ఇన్‌స్పెక్టర్, సామర్లకోట. భార్య కిడ్నీలు పాడై మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయారు, పిల్లలు లేరు. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు కాఫీ తాగి, ఏం మాట్లాడాలో తెలీక వాకిట్లోకి వెళ్లి నిలబడ్డారు. అక్కడ బాబు వాళ్ల నాన్న బండి ఉంది, 2006లో కొన్న హీరో హోండా స్ప్లెండర్, ఏపీ 05 నంబరు. నాలుగేళ్లుగా కవరు కప్పి అలాగే ఉంది. 2015 పుష్కరాలకి వచ్చిన చుట్టాలందరూ దాన్ని తన్నుకుంటూ లోపలికి వచ్చి, "అమ్మెయ్యకూడదూ, తుప్పు పడుతోంది" అనేవాళ్లే.

ఈయన కవరు ఎత్తి చూసి, "టీచర్ గారూ, ఇలా వదిలేస్తే ఇంజిన్ పట్టేస్తుందండీ. మీకు అభ్యంతరం లేకపోతే ఆదివారం వచ్చి ఒకసారి స్టార్ట్ చేసి పెడతాను" అన్నారు. అమ్మమని అనలేదు, నేను నడుపుతానని కూడా అనలేదు.

ఆదివారం స్పానర్లు, ఒక సీసాలో పెట్రోలు పట్టుకుని వచ్చారు. ట్యాంకులో పాత పెట్రోలు వంపేస్తే బెల్లం పాకం రంగులో వచ్చింది. కార్బొరేటర్ విప్పితే లోపల జిగురు. ప్లగ్గు తీసి ఉప్పు కాయితంతో గీకి, నోటితో ఊది, మళ్ళీ బిగించారు. టైర్లు రెండూ నేలకి అంటుకుపోయాయి, బ్యాటరీ సంగతి చెప్పక్కర్లేదు. బాబు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, దగ్గరికి రాడు, లోపలికి పోడు. చోక్ లాగి కిక్ కొట్టడం మొదలుపెట్టారు. ఇరవై, ముప్పై, చొక్కా తడిసిపోయింది. అప్పుడు బాబు గుమ్మంలోంచే అన్నాడు, "నాన్న కొంచెం కుడి పక్కకి వంచి కొట్టేవాడు." ఈయన వాడి వైపు ఒకసారి చూసి, బండి కుడి పక్కకి వంచి కొట్టారు. తెల్లపొగ వదిలి స్టార్ట్ అయింది. ఆ శబ్దం నేను నాలుగేళ్ల తరవాత విన్నాను, రోజూ సాయంత్రం ఆరున్నరకి వీధి మలుపు దగ్గర వినపడే శబ్దం. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. నేను లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. ఈయన లోపలికి రాలేదు, పిలవలేదు. పది నిమిషాలు ఇంజిన్ ఆడించి, ఆపి, కవరు కప్పి, "వచ్చే ఆదివారం వస్తాను" అని బాబుకి చెప్పి వెళ్లిపోయారు.

ఇదే ఆ కొట్టం అనిపించింది నాకు. ఐదు నెలలు ఆదివారాలు అలా వచ్చారు. అన్నవరం కొండ మీద పెళ్లి, సత్యనారాయణ వ్రతం, మొత్తం పదిహేడు మంది. పెద్దమ్మ రాలేదు గానీ, ప్రసాదం పంపిస్తే తిందట.

మరి సినిమాకీ దీనికీ తేడా ఎక్కడంటే, ఆ సినిమాలో చివరికి పిల్ల కరిగిపోతుంది, అతను బండి వెంట వెళ్లి ఆవిడని వెనక్కి తెచ్చుకుంటాడు, సంగీతం. మా వాడికిప్పుడు పంతొమ్మిది, ఈ రోజుకీ ఈయన్ని "అంకుల్" అనే పిలుస్తాడు. చుట్టాలు కూర్చోబెట్టి మరీ చెప్పారు, నాన్నా అని పిలవరా, ఆయన బాధపడతాడు అని. ఈయనే వద్దన్నారు. ఇక ఈయన ఫోన్లో పోయినావిడ నంబరు "ఇల్లు" అని సేవ్ చేసి ఉంది, ఇప్పటికీ. నాది నా పేరుతో ఉంది, పక్కన "టీచర్" అని. మొదట్లో చూసి నాకేం బాధ లేదనుకున్నాను. కొంచెం ఉంది, అబద్ధం ఎందుకు. కానీ నా గ్యాస్ పుస్తకం మీద పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసిన చోట నేను వేలు పెట్టి చూడడం ఈయన కూడా చూశారు, ఏమీ అనలేదు.

పోయిన నెల మావాడు ఇంజినీరింగ్ కాలేజీకి ఆ స్ప్లెండర్ మీద వెళ్తానని ఈయన్ని అడిగాడు. ఈయన "మీ నాన్న బండిరా, నన్నడుగుతావేంటి, మీ అమ్మనడుగు" అన్నారు. నాకు బోలెడు టెన్షన్, ఆ ట్రాఫిక్కూ వాడి స్పీడూ. పైగా పదిహేనేళ్లు దాటి ఆర్సీ ఎప్పుడో ముగిసింది, రెన్యువల్ చేయించాలి, అంతకంటే ముందు పోయిన మనిషి పేరు నుంచి మార్చాలి, దానికి ఫారం 31 అట. ఈయన ఫారం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు. ఎవరి పేరు రాయాలో ముగ్గురం ఇంకా తేల్చుకోలేదు. ఆదివారం మాత్రం బండి స్టార్ట్ చేస్తూనే ఉన్నారు, ఇప్పుడు కిక్ మావాడు కొడతాడు, కుడి పక్కకి వంచి.