ఫార్ములాలు వచ్చు, ప్రాబ్లమ్ రాదు: ఎంపీసీ మానిపించాలా?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. బత్తాయి తోట మీదనే బతుకుతున్నం. మా బిడ్డ టెన్త్ దాకా ఊరి జెడ్పీ హైస్కూల్ల చదివింది, మంచి మార్కులే వచ్చినయి. ఇప్పుడు నల్గొండల హాస్టల్ల ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నది. మ్యాథ్స్ టెస్టుల నూటికి ఎనభై తగ్గవు. ఫిజిక్స్ మాత్రం పాస్ మార్కులు కూడా వస్తలేవు. ఫార్ములాలన్నీ గడగడా అప్పజెప్తది, ప్రాబ్లమ్ ముందట పెడితే కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటది. చుట్టాలు బైపీసీకో సీఈసీకో మార్చమంటున్నరు. పాలిటెక్నిక్ బెటరని ఇంకొకరు. ఏం చేయమంటరు?
ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: ముందు చుట్టాల మాట తేల్చేద్దాం. బైపీసీకి మారితే ఫిజిక్స్ బాధ తప్పుతుందన్నది ఉత్త మాట. ఇంటర్లో ఎంపీసీ పిల్లలు చదివే ఫిజిక్సే బైపీసీ పిల్లలూ చదువుతారు. రేపు నీట్ రాస్తే 180 ప్రశ్నల్లో 45 ఫిజిక్సే, పైగా తప్పు రాస్తే మార్కు కోత. లెక్కలు బాగా వచ్చే పిల్లను తీసుకెళ్లి లెక్కలు లేని గ్రూపులో కూర్చోబెట్టి, కష్టమైన సబ్జెక్టును మాత్రం అలాగే ఉంచినట్టవుతుంది. సీఈసీ మంచి గ్రూపే, కామర్స్ మీదో లా మీదో మనసున్న వాళ్లకు. ఫిజిక్స్‌కు భయపడి అందులో చేర్చడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. పాలిటెక్నిక్ సంగతి చివర్లో చెబుతాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క, మ్యాథ్స్ బాగా చేస్తుందన్నది. ఫిజిక్స్ ప్రాబ్లమ్‌లో పిల్లలు ఆగిపోయే చోట్లు ప్రధానంగా మూడు: ప్రశ్నను అర్థం చేసుకునే దగ్గర, దాన్ని బొమ్మగా గీసే దగ్గర, వచ్చిన సమీకరణాన్ని సాధించే దగ్గర. మూడోది మీ అమ్మాయికి అడ్డం కాదు. కాబట్టి సమస్య మొదటి రెండింటిలో ఉంది. ఈసారి హాస్టల్‌కు పోయినప్పుడు మార్కులు అడగకండి, రఫ్ నోట్‌బుక్ అడగండి. మీకు ఫిజిక్స్ రానక్కర్లేదు, పేజీల్లో బొమ్మలున్నాయా లేవా చూడండి చాలు. బొమ్మ లేకుండా నేరుగా ఫార్ములాతో మొదలై, రెండు లైన్లు పోగానే కొట్టివేతలు కనబడుతున్నాయంటే జబ్బు తెలిసినట్టే.

ఇందులో పిల్ల తప్పు పెద్దగా లేదు. మన టెన్త్ ఫిజిక్స్‌లో కాంతి, విద్యుత్తు, అయస్కాంతత్వం లాంటివి ఉంటాయి గానీ చలనం, బలం, పని, శక్తి ఉండవు. అవి తొమ్మిదో తరగతిలో అయిపోతాయి. ఆ తర్వాత ఏడాది పాటు వాటి ఊసే ఉండదు. ఇంటర్లో అడుగు పెట్టగానే కొత్తగా వెక్టర్లు, వెంటనే ప్రొజెక్టైల్స్ (విసిరిన వస్తువుల చలనం), ఆ వెనకే న్యూటన్ నియమాలు, అదీ పరుగు మీద. పైగా చాలా కాలేజీల్లో పాఠం తలకెక్కకముందే షార్ట్‌కట్ల మెటీరియల్ చేతికిస్తారు. ఇంత నష్టం చేసే పద్ధతి ఇంకొకటి లేదని నా అభిప్రాయం. షార్ట్‌కట్ అన్నది దారి తెలిసినవాడికి పనికొస్తుంది. తెలియనివాడికి అదొక కొత్త ఫార్ములా, బట్టీ పట్టాల్సిన ఇంకో బరువు.

ఇక్కడి నుంచి మీ అమ్మాయి చదవాలి.

చూడమ్మా, ఒక ప్రాబ్లమ్ తీసుకుందాం. నకిరేకల్ దాటాక హైవే మీద బస్సు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. డ్రైవర్ గట్టిగా బ్రేకు తొక్కాడు, చక్రాలు తిరగడం ఆగి టైర్లు జారుతున్నాయి. టైరుకు, రోడ్డుకు మధ్య ఘర్షణ గుణకం 0.5. ఎంత దూరం జారి ఆగుతుంది? గురుత్వ త్వరణం జి విలువ 10 వేసుకో.

ఇది ఇవ్వగానే క్లాసులో సగం మంది అనే మాట ఒకటే: "సార్, బస్సు బరువు ఇవ్వలేదు." ఆ మాట అని పెన్ను కింద పెట్టేస్తారు. నువ్వు పెట్టొద్దు. ఇవ్వని ద్రవ్యరాశికి ఎం అని పేరు పెట్టుకుని ముందుకు నడువు. ఒక పెట్టె గీయి, అదే బస్సు. దాన్ని ఏమేం తాకుతున్నాయి? గాలిని వదిలేస్తే రోడ్డు ఒక్కటే. రోడ్డు రెండు పనులు చేస్తున్నది: కింది నుంచి పైకి నెడుతున్నది, జారుతున్న దిక్కుకు ఎదురుగా వెనక్కి లాగుతున్నది. తాకకుండా లాగేది భూమి ఒక్కటే, అది కిందికి. అంటే మూడు బాణాలు. బస్సు పైకి లేవడం లేదు, కిందికి దిగడం లేదు, కాబట్టి రోడ్డు నెట్టే బలం ఎం జి. ఘర్షణ అందులో సగం. వెనక్కి లాగే బలం అదొక్కటే కనుక ద్రవ్యరాశి ఇంటూ త్వరణం, అంటే ఎం ఇంటూ ఏ, 0.5 ఎం జి కి సమానం. రెండు వైపులా ఎం కొట్టుకుపోయింది! త్వరణం 5, దిక్కు వెనక్కి. ఇవ్వనిది అక్కర్లేదు కాబట్టే ఇవ్వలేదు. ఖాళీ బస్సయినా, జాతర రోజు కిక్కిరిసిన బస్సయినా ఈ లెక్క ప్రకారం ఒకే దూరంలో ఆగుతుంది.

గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. వి స్క్వేర్ ఈక్వల్టు యు స్క్వేర్ ప్లస్ టూ ఏ ఎస్‌లో (యు తొలి వేగం, వి చివరి వేగం, ఎస్ దూరం) పెడితే సున్నా సమానం 400 మైనస్ 10 ఎస్. దూరం 40 మీటర్లు. ఫార్ములా ఎక్కడ వచ్చిందో గమనించు, ఆఖర్న. నువ్వు దాన్ని మొదటి లైన్లో వెతుకుతున్నావు.

అదే ప్రాబ్లమ్‌ను ఇంకో వైపు నుంచి చెయ్యి. బస్సుకున్న గతిజశక్తి, అంటే కదలిక వల్ల ఉన్న శక్తి, మొత్తం ఘర్షణ తినేసింది. సగం ఎం వి స్క్వేర్ విలువ, 0.5 ఎం జి ని దూరంతో గుణించిన దానికి సమానం. మళ్లీ 40 మీటర్లే. ఇప్పుడు వేగం 36 కి తగ్గించి చూడు, 10 మీటర్లలో ఆగుతుంది. 108 కి పెంచు, 90 మీటర్లు. వేగం సగమైతే దూరం పావు వంతయ్యింది, వేగం ఒకటిన్నర రెట్లయితే దూరం రెండుంబావు రెట్లయ్యింది. ఈ ఒక్క ప్రాబ్లమ్‌ను ఇలా నాలుగు వైపుల తిప్పడం, నాలుగు కొత్త ప్రాబ్లమ్స్ సొల్యూషన్ చూసి రాసుకోవడం కంటే ఎక్కువ పని చేస్తుంది.

మరి ఎంతసేపట్లో ఆగిందని అడిగితే? 20 ని 5 తో భాగిస్తే 4 సెకన్లు. కానీ శక్తి దారిలో పోతే ఈ జవాబు నేరుగా రాదు, అందులో కాలం అన్నదే లేదు. ఏ పద్ధతి వాడాలో తెలియడం లేదని నీ వయసు పిల్లలంతా అంటుంటారు. సగం జవాబు ఇక్కడే ఉంది. కాలమో, త్వరణమో, తాడులో టెన్షనో (తాడు లాగే బలం) అడిగితే బలాల బొమ్మ గీయి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వచ్చేసరికి వేగం ఎంత, ఎంత ఎత్తుకు పోయింది అని అడిగితే, అందులోనూ దారి వంపులు తిరిగి ఉంటే, శక్తితో మొదలుపెట్టు. రెండు వస్తువులు గుద్దుకున్నా, ఒకటి పేలి ముక్కలైనా ఆ క్షణానికి మాత్రం మొమెంటమ్ (ద్రవ్యరాశి ఇంటూ వేగం) తప్ప వేరే దిక్కు లేదు.

ఈ ఆఖరిది ఎంత ముఖ్యమో చూడు. 20 గ్రాముల బుల్లెట్ సెకనుకు 400 మీటర్ల వేగంతో వచ్చి, తాడుకు వేలాడుతున్న 3.98 కిలోల చెక్క దిమ్మెలో దిగబడింది. దిమ్మె ఎంత ఎత్తుకు ఊగుతుంది? చాలామంది బుల్లెట్ గతిజశక్తి 1600 జౌళ్లు అని కట్టి, అదంతా ఎత్తుకు పోయిందనుకుని, 4 కిలోల మీద లెక్క వేస్తారు. 40 మీటర్లు వస్తుంది! పదంతస్తుల మేడ కంటే ఎత్తు. రాసి, కింద గీత గీసి, పక్క ప్రాబ్లమ్‌కు పోతారు. తాడు కట్టిన దిమ్మె మేడ దాటి ఎగరడమేమిటని ఒక్కసారి అనుకుంటే తప్పు అక్కడే దొరుకుతుంది. ముందు మొమెంటమ్ వేయాలి: 0.02 ని 400 తో గుణిస్తే 8, దాన్ని కలిసిన బరువు 4 తో భాగిస్తే వేగం సెకనుకు 2 మీటర్లు. అప్పుడు శక్తి: ఎత్తు 20 సెంటీమీటర్లు. 1600 జౌళ్లలో మిగిలింది 8 మాత్రమే. తక్కిన 1592 చెక్కను చీల్చుకుని పోవడంలో, వేడిగా మారడంలో ఖర్చయ్యాయి. శక్తి ఎక్కడికీ పోలేదు, నీ సమీకరణంలోకి రాని చోటికి పోయింది, అంతే.

బొమ్మ దగ్గర జరిగే పొరపాట్లు కూడా లెక్కపెట్టగలిగినన్నే. నార్మల్, అంటే నేల పైకి నెట్టే బలం, ఎప్పుడూ ఎం జి అని బట్టీ పట్టడం మొదటిది. 50 కిలోల వడ్ల బస్తాను నేల మీద, 30 డిగ్రీల కోణంలో తాడు కట్టి 100 న్యూటన్లతో లాగుతున్నావనుకో. తాడు బస్తాను కొంచెం పైకి కూడా ఎత్తుతుంది, 50 న్యూటన్ల మేర. జి 10 అయితే నేల మోసేది 500 కాదు, 450. ఘర్షణ దాని మీద లెక్కకట్టాలి. టెన్షన్ ఎప్పుడూ ఎం జి అనుకోవడం రెండోది. బావిలోంచి 10 కిలోల బొక్కెనను ఒకే వేగంతో చేదితే 100 న్యూటన్లు సరే. 2 త్వరణంతో లాగితే తాడు మీద 120 పడుతుంది. పాత తాళ్లు బొక్కెనను ఒక్కసారిగా గుంజినప్పుడే తెగుతాయి, కారణం ఇదే. మూడోది వృత్తాకార చలనంలో, ఉన్న బాణాలు చాలవన్నట్టు సెంట్రిపెటల్ ఫోర్స్ (కేంద్రం వైపు లాగే బలం) అని ఒక కొత్త బాణం గీయడం. అది వేరే బలం కాదు. తాడో, ఘర్షణో, గురుత్వాకర్షణో, ఉన్నవాటిలోంచే ఆ పని జరుగుతుంది. ఎవరు చేస్తున్నారో చెప్పలేని బాణాన్ని బొమ్మలో ఉంచకు.

ఫిజిక్స్ ప్రశ్నల్లో వచ్చే ఇంగ్లిష్ సంగతి రెండు ముక్కల్లో. పదే పదే వచ్చే మాటలు ఎక్కువేం ఉండవు. స్మూత్ అంటే ఘర్షణ లేదు, ఫ్రమ్ రెస్ట్ అంటే తొలి వేగం సున్నా, లైట్ స్ట్రింగ్ అంటే తాడు బరువు వదిలెయ్. ఇలాంటివి నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుంటూ పో. నెల తిరిగేసరికి కొత్తవి రావడం ఆగిపోతుంది.

రోజుకు మూడు ప్రాబ్లమ్స్ చాలు, కానీ సొల్యూషన్ మూసిపెట్టి చెయ్యాలి. పావుగంట కొట్టుకున్నాక రాకపోతే ఒక్క లైను మాత్రమే చూసి మళ్లీ మూసెయ్. మొత్తం చూసి రాసింది మరుసటి రోజు సొంతంగా రాకపోతే అది వచ్చినట్టు కాదు.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఇంకో పని చెయ్యి. మీ తోటలో బోరు ఉండే ఉంటుంది. అది 5 హెచ్‌పీ మోటారు అనుకుందాం. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు, అంటే మొత్తం 3730. మోటారు దించిన లోతు కాదు, నీళ్లు నిలిచిన లోతు నాన్నను అడుగు. అది 60 మీటర్లయితే, ఒక్క వాటూ వృథా కాకుంటే సెకనుకు దాదాపు 6.2 లీటర్లు పైకి రావాలి. ఇప్పుడు 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్‌లో టైమర్ నొక్కు. నిండడానికి 65 సెకన్లు పట్టిందంటే సెకనుకు మూడు లీటర్ల పైచిలుకు, అంటే సగం శక్తి పంపులో, పైపులో, నీటి రాపిడిలో పోతున్నది. ఎండాకాలంలో నీళ్లు 90 మీటర్లకు పడిపోతే ఎంత వస్తుందో కూడా కట్టి నాన్నకు చెప్పు. ఆయన ఆ జవాబును ఏటా తోటలో చూస్తూనే ఉన్నారు.

మళ్లీ మీతో. పరీక్షల లెక్క కూడా చూసుకోండి. 2025 వరకు జరిగిన బోర్డు పరీక్షల్లో ఫిజిక్స్ థియరీ పేపర్ 60 మార్కులకు ఉంది, అందులో ప్రాబ్లమ్స్ వాటా తక్కువ. నిర్వచనాలు, ఉత్పాదనలు బాగా రాసిన పిల్ల ఫెయిలవదు. ఇంజినీరింగ్ సీట్ల కోసం రాసే ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. సగం పేపర్ మీ అమ్మాయి బలమే. ఫిజిక్స్‌లో 40కి 20 చేసే స్థాయికి వచ్చినా ఆమె పోటీలో ఉన్నట్టే. జేఈఈ మెయిన్‌లో మాత్రం మూడు సబ్జెక్టులకూ 25 ప్రశ్నల చొప్పున సమానం, తప్పుకు కోత. అది రాయించాలా వద్దా అన్నది సెకండియర్లో చూడొచ్చు. ఇప్పుడే రెండూ నెత్తిన వేయకండి.

ఇక పాలిటెక్నిక్. పాలిసెట్ టెన్త్ స్థాయి పరీక్ష, కావాలంటే వచ్చే ఏడాది రాయొచ్చు, కానీ ఒక సంవత్సరం పోతుంది. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి ఉంది, అది మంచి దారే. అయితే అక్కడ సివిల్, మెకానికల్ బ్రాంచీల్లో ఇవే బలాలు, ఇవే బొమ్మలు మళ్లీ ఎదురవుతాయి. ఫిజిక్స్ తప్పుతుందని పంపేటట్టయితే వద్దు. చేతి పని మీద ఇష్టమనో, తొందరగా ఉద్యోగంలో చేరాలనో ఆమే అడిగితే మాత్రం, నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు చేయించండి.