పాత ట్రాక్టర్ విప్పే అబ్బాయి, బీటెక్ కోరుకునే నాన్న

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. నాలుగెకరాలు సొంతం, ఆరెకరాలు కౌలు. మా నాన్నగారు 1996లో కొన్న మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరే ఇప్పటికీ మా దమ్ములన్నీ చేస్తోంది. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ 61 శాతంతో పాసయ్యాడు. ఈఏపీసెట్ ర్యాంకు బాగా దూరంగా వచ్చింది. ఏదో ఒక కాలేజీలో బీటెక్ మెకానికల్ చేరమంటే వద్దంటున్నాడు. పొద్దున లేస్తే మెకానిక్ షెడ్డు, ఇంటికొస్తే మా బండి. చుట్టాలు ‘చదువబ్బక పానా పట్టాడు’ అంటున్నారు. రేపు పిల్లనెవరిస్తారని వాళ్లమ్మ బెంగ. మొన్న బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంటే మెకానిక్ ఇంజెక్షన్ పంపు విప్పాలన్నాడు. వీడు రాత్రి కూర్చుని డీజిల్ పైపు దగ్గర పగిలిన రాగి వాచర్ ఒకటి మార్చాడు, అంతే, సరిపోయింది. తెలివి లేక కాదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రాగి వాచర్ సంగతి మాట్లాడుకుందామండీ. మీరు దాన్ని ఉత్తరం చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు గానీ, నా లెక్కలో అసలు విషయం అక్కడే ఉంది.

బండి కాసేపు నడిచి ఆగిపోతోందంటే ఎవరికైనా, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మించే ఆ ఇంజెక్షన్ పంపు మీదికే అనుమానం పోతుంది. పంపు దింపి కాలిబ్రేషన్ షాపుకు పట్టుకెళితే వేలల్లో ఖర్చు, బండి రెండు మూడు రోజులు షెడ్డులోనే. మీవాడు అంతదూరం పోలేదు. ఇంజిన్ నడిచేటప్పుడు ట్యాంకులోని డీజిల్‌ని ఫీడ్ పంపు లాక్కుంటుంది. ఆ దారిలో సన్నని సందు ఉంటే డీజిల్ బయటికి కారి కనిపించకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి దూరుతుంది. ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేత్తో ఫీడ్ పంపు కొడితే నురగలాగా బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా కొట్టి బిగిస్తే బండి స్టార్టవుతుంది. కాసేపటికి మళ్లీ ఆగుతుంది. చాలామంది మళ్లీ ఎయిర్ తీస్తారు, మళ్లీ స్టార్ట్ చేస్తారు. ఈ గాలి అసలు ఎక్కడినుంచి వస్తోందని ఒక్కో జాయింటూ గుడ్డతో తుడిచి, చూసుకుంటూ పోయినవాడికే ఆ వాచర్ దొరుకుతుంది. పద్దెనిమిదేళ్ల వయసులో ఇంత ఓపిక ఉన్న పిల్లల్ని నేను తక్కువగా చూశాను.

అందుకని సూటిగానే చెబుతాను. అతన్ని ఇష్టం లేని బీటెక్‌లో వేయకండి. అలాగని షెడ్డుకే వదిలేయకండి కూడా. రెండో మాట మొదటిదానికన్నా ముఖ్యం.

ఎందుకో మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా నాన్న దగ్గరా పాత ట్రాక్టర్ ఉండేది. దాన్ని చూసే మేస్త్రీ మంచి పనివాడు, నిజాయితీపరుడు. ఒక వేసవిలో హెడ్డు దింపి గాస్కెట్ మార్చాడు. బోల్టులు చేతి అంచనాతో బిగించాడు. సార్వా దమ్ములు మొదలయ్యాక ఒక ఉదయం ఆయిల్ గేజు కర్ర బయటికి తీస్తే ఆయిలు పాలు కలిపిన టీలా ఉంది. రేడియేటర్ నీళ్లు లోపలికి దిగాయి. కిరాయి బండి కోసం నాన్న చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. ఈలోగా నారు ముదిరిపోయింది. హెడ్డు బోల్టుల్ని మధ్యలోంచి మొదలుపెట్టి బయటివైపుకి, వరుస ప్రకారం, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన కొలతకి బిగించాలి. ఆ మేస్త్రీకి ఇది ఎవరూ చెప్పలేదు. ఆయన గురువు ఎలా బిగించాడో ఈయనా అలాగే బిగించాడు. ఆయన తప్పు అని నేను ఏనాడూ అనుకోలేదు. కానీ షెడ్డు ఒక్కటే బడి అయితే గురువుకు తెలిసిన దగ్గరే శిష్యుడి చదువూ ఆగిపోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. మీ 1035లో అంతా కంటికి కనిపించేదే, చేతికి అందేదే. కొత్త బళ్లు అలా లేవు. 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో పాత పంపుల స్థానంలో కామన్ రైల్ అనే కొత్త డీజిల్ పద్ధతి, సెన్సార్లు, ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ లాంటి ఈసీయూ వచ్చి చేరాయి. పొగ రంగు చూసి, శబ్దం విని జబ్బు చెప్పే విద్య వాటికి సగమే పనికొస్తుంది. మిగతా సగానికి మల్టీమీటర్, వైరింగ్ బొమ్మ, స్కానర్ కావాలి. పాత బళ్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి, ఆ పనికి ఢోకా లేదు. కానీ మీవాడు నలభై ఏళ్లు ఈ పని చేయాల్సినవాడు. రెండూ వచ్చుండాలి.

ఇక చదువు సంగతి. ఐటీఐలో మెకానిక్ ట్రాక్టర్ అని ఏడాది ట్రేడ్ ఉంది, మెకానిక్ డీజిల్ కూడా ఏడాదే. మెకానిక్ అగ్రికల్చరల్ మెషినరీ రెండేళ్లది. పదో తరగతి అర్హత చాలు. ట్రాక్టర్ ట్రేడ్ అన్ని ఐటీఐల్లో ఉండదు, డీజిల్ మాత్రం చాలాచోట్ల దొరుకుతుంది. చేరేముందు ఆ వర్క్‌షాప్ మీరిద్దరూ వెళ్లి చూడండి. ఇంజిన్లు విప్పి ఉండాలి, పిల్లల చేతులకు గ్రీజు ఉండాలి. ఇంజిన్ రంగు వేసి అలమరా పక్కన బొమ్మలా నిలబెట్టి ఉంటే మరో ఐటీఐ వెతకండి.

‘ఇంటర్ చదివి మళ్లీ పదో తరగతి చదువుకా’ అని మీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. ఇంటర్ లెక్కలు, ఫిజిక్స్ ఎక్కడికీ పోవు. డ్రాయింగ్ చదవడంలో, హైడ్రాలిక్స్ అర్థం చేసుకోవడంలో అతను మిగతా పిల్లలకంటే ముందుంటాడు. ఐటీఐ అయ్యాక ఏడాదిపాటు ఏదైనా ట్రాక్టర్ డీలర్ సర్వీస్ సెంటర్లో అప్రెంటిస్‌గా చేయాలి. ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం. జీతం తక్కువే. కానీ కొత్త బళ్లు, కంపెనీ మాన్యువల్, సరైన పనిముట్లు, బండికి చేసే పనిని జాబ్ కార్డులో రాసే పద్ధతి అక్కడే వస్తాయి. పాత బండి అతనికి ఎలాగూ మీ ఇంటి చావిడిలో ఉంది.

మీకు గవర్నమెంటు ఉద్యోగం ఆశ ఉంటే ఒక విషయం చెబుతాను. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగాలకు అర్హత ఉన్న ఐటీఐ ట్రేడుల్లో డీజిల్ మెకానిక్, ట్రాక్టర్ మెకానిక్ రెండూ ఉన్నాయి. ఆ దారి మూసుకుపోదు. ఇంజనీరింగే కావాలని తనకే ఎప్పుడైనా అనిపిస్తే బాపట్లలో అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ బీటెక్ ఉంది, ఎంపీసీ వాళ్లకే. దానికి మంచి ర్యాంకు కావాలి, మళ్లీ రాయాలి. ఆ కోరిక అతనిలోంచి రావాలి, మీరు తోస్తే వచ్చేది కాదు.

గార్లదిన్నె పేరు విన్నారా? అనంతపురం జిల్లాలో ఉంది, కేంద్ర ప్రభుత్వం వారి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా కేంద్రం. అక్కడ రైతులకూ, మెకానిక్‌లకూ వేర్వేరు శిక్షణలు ఇస్తారు, యంత్రాల్ని పరీక్షిస్తారు కూడా. ఐటీఐ ఎక్కడ చేసినా సరే, ఒక్కసారైనా అక్కడ శిక్షణకు పంపండి. తన ఇష్టాన్ని ఇంత శ్రద్ధగా నేర్పేవాళ్లున్నారని చూస్తే ఆ వయసు పిల్లలకు కలిగే ధైర్యం వేరు.

సంపాదన గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సింది. మీ డెల్టాలో ఈ పనికి ఒక కాలచక్రం ఉంది. సార్వా దమ్ములప్పుడు, దాళ్వా దమ్ములప్పుడు షెడ్డులో కాలుపెట్టే చోటుండదు. ఇనుప చక్రాలు కట్టి బురదలో తిప్పిన బళ్లకు ముందు చక్రాల హబ్బుల్లోకి నీళ్లు పోతాయి, బేరింగులు పోతాయి, బ్రేకులు పట్టవు. అప్పుడు వచ్చే పని అంతా తొందర పని, రాత్రిళ్లు కూడా చేయాలి. మధ్యలో నెలలు ఖాళీ. నిలబడ్డ మెకానిక్‌లు ఏం చేస్తారంటే, కాలువలు కట్టేసిన వేసవి రోజులకు పెద్ద పనులు ముందే మాట్లాడి పెట్టుకుంటారు: ఇంజిన్ బోరు, గేరుబాక్సు, హైడ్రాలిక్ లిఫ్ట్. మీవాడు ఇప్పటినుంచే లిఫ్ట్ పని మీద దృష్టి పెడితే మంచిది. గొర్రు పైకెత్తి ఇంజిన్ ఆపేస్తే కాసేపటికే దానంతటది దిగిపోయే పాత బళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. అది సీలా, వాల్వా, పంపా అని సరిగ్గా తేల్చగలిగేవాళ్లు తక్కువ.

స్పేర్ల జ్ఞానం కూడా పెట్టుబడే. మాస్సీ 1035కి సామాను దొరుకుతుంది. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది, ఆ బళ్లు నడుపుతున్న రైతులకు ఒక్కో పార్టు కోసం వెతుకులాటే. ఏ పార్టు ఎక్కడ దొరుకుతుంది, ఏది నకిలీ, దేన్ని లేత్ మీద చేయించుకోవచ్చు, దేన్ని ఎంత డబ్బు మిగిలినా చేయించకూడదు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకునే మెకానిక్ దగ్గరికి రైతు పాతిక కిలోమీటర్లయినా వస్తాడు. సొంత షెడ్డు పెట్టే రోజు వచ్చినప్పుడు ముద్రా లోన్ గురించి బ్యాంకులో, సబ్సిడీ పథకాల గురించి జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. సర్టిఫికెట్ చేతిలో ఉంటే అక్కడ మాట చెల్లుతుంది. కానీ అప్పు ఇప్పుడే వద్దు.

ఇక పెళ్లి బెంగ. అమ్మగారికి నా మాటగా చెప్పండి. నాలుగేళ్లు ఫీజులు కట్టి, సబ్జెక్టులు మిగిలిపోయి, ఏ పనీ రాకుండా ఇంటికొచ్చిన అబ్బాయిల తల్లిదండ్రులు నా ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు. వాళ్ల బెంగ దీనికన్నా పెద్దది. ఇరవై నాలుగేళ్ల వయసుకు సర్టిఫికెట్, డీలర్ దగ్గర అనుభవం, సొంత పనిముట్లు ఉన్న అబ్బాయి గురించి చుట్టాలు మాట్లాడే తీరు మారుతుంది. మనసు కుదుటపడాలంటే పక్కనే దూరవిద్యలో డిగ్రీ కట్టించండి, కుదురుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండాలి. లుంగీ, మెడలో తువ్వాలు వేసుకుని పీటీవో షాఫ్ట్ (రోటవేటర్ లాంటి పనిముట్లను తిప్పే, బండి వెనకనున్న ఇరుసు) దగ్గరికి వెళ్లనివ్వకండి. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, గుడ్డ అంచు చిక్కితే మనిషి వదిలించుకునే వ్యవధి ఉండదు. ఎత్తిన రోటవేటర్ కింద దుంగలు పెట్టకుండా దూరకూడదు. క్లచ్ కోసం బండిని రెండు ముక్కలుగా విడదీసేటప్పుడు ముందు యాక్సిల్‌కు రెండువైపులా చెక్క చీలలు కొట్టాలి, లేదంటే ఇంజిన్ భాగం పక్కకు ఒరిగిపోతుంది. నాజిల్ టెస్ట్ చేసేటప్పుడు వచ్చే డీజిల్ ధారకి చెయ్యి అడ్డం పెట్టకూడదు, అది చర్మంలోకి దిగిపోతుంది. షెడ్డులో ఇవి పాటించకపోతే, ఆ షెడ్డు మాన్పించి మరోటి చూడండి.

చివరగా, ఐటీఐ అడ్మిషన్లలోపు ఒక పని చేసి చూడండి. ఇంటి ట్రాక్టర్ బాగోగులు పూర్తిగా అతనికే అప్పగించండి. ఒక నోట్‌బుక్ కొనివ్వండి. రోజూ ఎన్ని గంటలు నడిచింది, ఎంత డీజిల్ తాగింది, ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఎయిర్ క్లీనర్ ఎప్పుడు కడిగారు, ఏ పార్టు ఎంతకు కొన్నారు, అన్నీ తనే రాయాలి. ఇంజిన్ విప్పడం అందరు కుర్రాళ్లకూ సరదాగానే ఉంటుంది. పొలం నుంచి అలిసిపోయి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే ఆ రోజు గంటలు రాసి పెట్టడం సరదా కాదు. ఆరు వారాలు మీరు గుర్తు చేయకుండా రాస్తే అడ్మిషన్‌కి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ కూడా వెంట తీసుకెళ్లండి, రేపు డీలర్ దగ్గర అప్రెంటిస్‌గా అడగడానికి వెళ్లినప్పుడు కూడా చూపించవచ్చు. పేజీలు మధ్యలోనే ఆగిపోతే నాకు మళ్లీ రాయండి, అప్పుడు అబ్బాయితో నేనే మాట్లాడతాను.