తలుపు వెనక పిల్లి

ప్రశ్న: టీచరు గారూ, మాది గుంటూరు, బ్రాడీపేట. మా పాపకు నాలుగేళ్లు నిండాయి. జూన్‌లో నర్సరీలో చేర్చాం. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని బడిలో చెప్పారు. మా అత్తగారు రాత్రిపూట చెప్పే కథలు మానిపిద్దామని మావారు అంటున్నారు. పాప రెండు భాషలూ కలిపేసి మాట్లాడుతోంది. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు నాలుగు కొన్నాను. ఒక్కో వాక్యం చదివి, వెంటనే తెలుగులో అర్థం చెబుతున్నాను. రెండు పేజీలు కాగానే లేచిపోతోంది. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: అత్తగారి కథలు మాత్రం మానిపించకండి, అమ్మా. ఈ రాత్రి కూడా చెప్పించండి. మిగతా సంగతులు ఆ తరవాత.

నేను విజయవాడలో ముప్ఫై ఏళ్లు ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇప్పుడు సత్యనారాయణపురంలో మా ఇంటి వసారాలో సాయంత్రం పూట చుట్టుపక్కల పిల్లల్ని కూర్చోబెట్టుకుని పుస్తకాలు చదువుతుంటాను. మొన్న నాలుగేళ్ల బాబు ఒకడు బొమ్మ మీద వేలు పెట్టి "క్యాట్ డోర్ బిహైండ్" అన్నాడు. పక్కనే ఉన్న వాళ్లమ్మ చిన్నబోయింది. నాకైతే వాణ్ని ఎత్తుకోవాలనిపించింది. తెలుగులో "తలుపు వెనక" అంటాం. ముందు తలుపు, తరవాత వెనక. ఇంగ్లీషులో ఆ వరస తిరగబడుతుంది. "వెనక" అంటే ఏమిటో ఆ బాబుకు క్షుణ్ణంగా తెలుసు. దాగుడుమూతల్లో బీరువా వెనక నక్కి నేర్చుకున్నాడు. ఇక తెలియవలసింది కొత్త మాట, అది కూర్చునే చోటు. తప్పు అనకుండా, ఆ వాక్యాన్నే సరైన వరసలో ఒకసారి పలికి పేజీ తిప్పాను. వారం తిరిగేసరికి వాడే సరిగా అన్నాడు.

ఒక భాషలో గట్టిపడిన అవగాహన రెండో భాషకు ఆసరా అవుతుందని జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1979లోనే ప్రతిపాదించాడు. పాఠం చెప్పిన వాళ్లందరం దాన్ని కళ్లారా చూసినవాళ్లమే. "ఎందుకు", "అయితే", "అంతలో" వంటి మాటలతో కథను పట్టుకోవడం తెలుగులో వచ్చిన పిల్లకు ఇంగ్లీషు కథలో ఆ పని మళ్లీ మొదటినుంచి నేర్పక్కర్లేదు.

మీ అత్తగారు రాజుగారి కొడుకుల కథ, అదే ఎండని చేప కథ, చెబుతారనే అనుకుంటున్నాను. ఆవెందుకు మేయలేదు? గొల్లవాడు మేపలేదు. మేయడం ఆవు పని, మేపడం గొల్లవాడి పని. ఇంత సన్నని తేడాను ఏ వ్యాకరణం పుస్తకమూ నాలుగేళ్ల పిల్లకు చెప్పలేదు. మా వసారాలో ఒక పాప "ఆవు మేపలేదు" అనగానే మిగతా పిల్లలంతా ఒక్క గొంతుతో "మేయలేదు!" అని అరిచారు. కథ వాళ్లకు అంత బాగా పట్టింది. ఆ సంపదను బడివాళ్ల మాట మీద ఎలా వదులుకుంటాం?

ఇక వాక్యానికో అర్థం చెప్పడం గురించి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను. పిల్లలు ఇంగ్లీషు వాక్యం అయ్యేదాకా కిటికీలోంచి బయటికి చూసి, తెలుగు రాగానే నావైపు తిరిగేవారు. ఎలాగూ తెలుగులో వస్తుందని తెలిసినప్పుడు ఇంగ్లీషు ఎందుకు వింటారు? పైగా అడుగడుగునా ఆగే కథలో కథ ఉండదు. మీ పాప లేచిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే కథ రెండు భాషల్లో ఉన్న పుస్తకం తీసుకోండి. రెండు మూడు రాత్రులు తెలుగులోనే చదవండి, పాప మీకంటే ముందే తరవాతి మాట అందుకునేదాకా. అప్పుడు అదే పుస్తకాన్ని ఇంగ్లీషులో, ఆపకుండా, బొమ్మలు చూపిస్తూ చదవండి. అర్థం అడగకండి. కథ ముందే తెలుసు కాబట్టి మాటల్ని పాపే పోల్చుకుంటుంది. వీలైతే తెలుగు నాయనమ్మ చదవాలి, ఇంగ్లీషు మీరో మీవారో చదవాలి. మీవారికి ఈ పని అప్పగిస్తే కథలు మానిపిద్దామన్న మాట ఆయనే మరిచిపోతారు.

పుస్తకాలకు కొదవ లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా దొరుకుతుంది. చెన్నైలోని తూలిక రెండు భాషలూ కలిసిన బొమ్మల పుస్తకాలు వేస్తోంది. మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో కూడా 2020 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటున్నాయి. అలాంటివి చదివేటప్పుడు ఒక పక్కను అట్టముక్కతో కప్పండి. లేకపోతే కళ్లు తేలికైన వైపే పోతాయి.

కలిపి మాట్లాడటం గురించి దిగులు వద్దు. ముగ్గు నాయనమ్మ దగ్గర తెలిసింది, కాబట్టి తెలుగులో ఉంది. క్రేయాన్ బడిలో తెలిసింది, కాబట్టి ఇంగ్లీషులో ఉంది. ఏ మాట ఎక్కడ దొరికితే అక్కణ్నుంచి తెచ్చుకుంటుంది. రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టి చూడండి, ఎన్ని ఉన్నాయో! రెండేళ్లు దాటినా ఏ భాషలోనూ రెండు మాటలు కూర్చలేని పిల్లల సంగతి వేరు. వాళ్లకు ముందు వినికిడి పరీక్ష చేయించాలి. ఆ లోపాన్ని రెండు భాషల మీదికి నెట్టి కాలయాపన చేయకూడదు.

ప్రశ్న: మా మనవరాలు డాలస్‌లో పుట్టింది, ఐదేళ్లు. ఫోనులో నేను చెప్పే కథ అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. తెలుగులో చెప్పమంటే ఫోను వాళ్లమ్మకు ఇచ్చేస్తుంది. - ఒక తాతయ్య, విజయవాడ

జవాబు: తెలుగులో చెప్పమని అడగకండి, తాతయ్యగారూ. ఆ పిల్ల వింటోంది, అది చాలా పెద్ద సంగతి. ఒకే మాట పదేపదే వచ్చే కథలు ఎంచుకుని, ఆ మాట దగ్గర మీరు ఆగండి. ఒకరోజు ఆ ఖాళీని తనే పూరిస్తుంది. ఉదయం ఏడింటికి ఫోను చేయండి. అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది, పడుకునే వేళ. జనవరిలో మన ఊళ్లో పుస్తక మహోత్సవం జరిగినప్పుడు పెద్ద అక్షరాల బొమ్మల పుస్తకం ఏదైనా రెండు ప్రతులు కొనండి. ఒకటి మీ దగ్గర ఉంచుకుని, రెండోది అటు వెళ్లేవాళ్ల చేత పంపండి. ఇద్దరి ముందూ అదే పేజీ ఉండాలి. పేజీ ఎప్పుడు తిప్పాలో మనవరాలు చెప్పాలి, మీరు తిప్పాలి.